రేవు మెట్టు మీద ఎర్ర తువ్వాలు

ప్రవల్లికకి వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

రేవుగట్టు టవరెక్కి ఇంటర్నెట్టు పంపే రెండు రేడియోలు తన చేత్తోనే బిగించింది. ఒకటి మొగలిలంక వైపు, రెండోది చింతలలంక వైపు. ఏ ఒక్కటి పెట్టినా స్పీడు తొంభై ఎంబీ. రెండూ కలిపి పెట్టిందా, ఎనిమిదో తొమ్మిదో! ఛానెల్ మారుద్దామంటే పక్క టవర్ల రొద లేకుండా మిగిలింది ఆ ఒక్కటే. ఇలా కాదని పవర్ పెంచింది. ఆ తొమ్మిది కాస్తా ఐదైంది.

పోనీలే అనుకోవడానికి వీల్లేదు. ప్రతి గురువారం రెండు లంకల ఆరోగ్య ఉపకేంద్రాల్లోనూ కడుపుతో ఉన్నవాళ్ళని పట్నం డాక్టరమ్మ వీడియోలో చూస్తుంది. పోయిన వారం ఆవిడ బొమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే బిగుసుకుపోయింది. మొగలిలంక నర్సు సుగుణమ్మ బుధవారం పొద్దున్నే ఫోన్ చేసింది.

"రేపు కూడా ఇంతేనంటే సత్యవేణిని పడవెక్కించాల్సిందే అమ్మాయ్. తొమ్మిదో నెల. ఏరు చూస్తే నిండుగా ఉంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

ఇక గురువు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. గురువంటే గడ్డమూ కమండలమూ ఊహించుకునేరు, అవేమీ లేవు. నూకరాజు గారు పడవ సరంగు కొడుకు. చదివింది పదో తరగతి. రేడియోలు బాగుచేసి, కేబుల్ టీవీ వైర్లు లాగి, చివరికి ఈ ఇంటర్నెట్టులో తేలాడు. ప్రవల్లికది ఇంజనీరింగు. నడుముకి తాడు కట్టుకుని టవరెక్కడం నేర్పింది మాత్రం ఆయనే. అయినా అడగడానికి వారం రోజులు ఆగింది. మొహమాటం అని తను అనుకుంది గానీ, దాని అసలు పేరు పొగరు.

ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"పెట్టెలో వచ్చినవన్నీ బిగించావా?"

"అన్నీ బిగించాను గురువుగారూ. ఆ జీపీఎస్ బిళ్ళ ఒక్కటే సొరుగులో పడేశాను. మన టవరు ఎక్కడికి నడిచిపోతుందని దానికి జీపీఎస్? పైగా అది ఒక్క ముక్క డేటా మోయదు."

నూకరాజు గారు నవ్వలేదు. భుజం మీది ఎర్ర తువ్వాలు సర్దుకుని, "రా, పాత రేవు దాకా వెళ్ళొద్దాం," అన్నాడు.

రేవు మెట్లు సగం విరిగిపోయి ఉన్నాయి. నీళ్ళంచున గుర్రపుడెక్క. ఎదురుగా ఏరు రెండు పాయలైన చోట ఎడమకి మొగలిలంక, కుడికి చింతలలంక. రెండు ఒడ్డుల్లోనూ పడవలు కట్టేసి, వాటిలో సరంగులు కునుకుతున్నారు.

"పొద్దున పూట ఇక్కడ నలభై మంది ఉండేవారమ్మాయ్. అరటి గెలలు, పాల బిందెలు, బళ్ళోకెళ్ళే పిల్లలు. ఎవరి లంక పడవని వాళ్ళు కేకేసి పిలుచుకునేవాళ్ళు. ఇప్పుడు సెల్లు నొక్కితే పడవొస్తుంది. ఈ రేవులో కేక విని ఎన్నేళ్ళయిందో! దాన్ని చంపింది మన టవర్లే అనుకో."

ఆయన ఎడమ వైపు చెయ్యి చూపించాడు.

"నువ్వు మొగలిలంక పడవని పిలువు. సరంగు ఏమంటాడో విని చెప్పు."

ప్రవల్లిక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "ఓ... పడవో!" అంది. అవతల ముసలి సరంగు ఉలిక్కిపడి లేచి, చెయ్యూపుతూ ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే నూకరాజు గారు ఆమె చెవి పక్కన నిలబడి, చింతలలంక వైపు తిరిగి గావుకేక పెట్టాడు.

"ఏమన్నాడు?"

"ఎలా వినపడుతుంది గురువుగారూ, మీరు చెవిలో అరుస్తుంటే!"

"అయితే ఇంకా గట్టిగా పిలువు."

గొంతు బొంగురుపోయేలా పిలిచింది. ఆ కేకకి చింతలలంక సరంగు జవాబు ఆయనకి వినపడకుండా పోయింది.

"నాకూ వినపడలేదు. ఇంకా గట్టిగా అరువు. పవర్ పెంచు!"

ప్రవల్లికకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడాయన తువ్వాలు తీసి పట్టుకున్నాడు.

"ఇది పైకెత్తినంతసేపే కేక. దింపితే ఊపిరి చప్పుడు కూడా వద్దు."

తువ్వాలు లేచింది. ఇద్దరూ ఒక్కసారే పిలిచారు. తువ్వాలు దిగింది. ఇద్దరూ ఊరుకున్నారు. మెట్లకి నీళ్ళు తగిలే చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఎడమ నుంచి, "వత్తన్నానండీ, ఆయ్!" అని. కుడి నుంచి, "గెలలెక్కించుకుని బయల్దేరతా!" అని.

"మా నాన్న ఈ మెట్టు మీదే నిలబడేవాడు," అన్నాడు నూకరాజు గారు. "తువ్వాలు ఎత్తితే నలభై మందీ ఒక్క పెట్టున అరవడమే. దింపితే నలభై మందీ గప్‌చుప్. చంటిపిల్ల ఏడుస్తుంటే తల్లి గబుక్కున పాలిచ్చేది."

మొగలిలంక పడవ రానే వచ్చింది. ఎక్కేవాళ్ళెవరూ లేరని తెలిసినా ముసలి సరంగు కోప్పడలేదు. "కేక విని ఎన్నాళ్ళయిందండీ బాబూ! ఫోన్ మోగితే ఇంత గబగబా రాను," అని కళ్ళొత్తుకున్నాడు.

ప్రవల్లిక అప్పటికే గట్టెక్కి టవరు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోతోంది.

సొరుగులోని బిళ్ళని దులిపి టవరు కొసన ఆకాశానికి ఎదురుగా బిగించింది. అది పట్టుకొచ్చే ఉపగ్రహాల గడియారాన్ని రెండు రేడియోలకీ అప్పగించింది. ఒకే క్షణాన మాట్లాడాలి, ఒకే క్షణాన ఊరుకోవాలి. దిగొచ్చి చూసుకుంటే మొగలిలంక డెబ్భై, చింతలలంక డెబ్భై.

గురువారం పదకొండింటికి సుగుణమ్మ ఫోన్.

"అమ్మాయ్! సత్యవేణి కడుపులో బిడ్డ గుండె చప్పుడు డాక్టరమ్మ అక్కడ కూర్చునే వింది! బాగానే ఉందంట. ఏరు తగ్గేదాకా పడవెక్కొద్దంది!"

ప్రవల్లిక కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. టవరు కింద నీడలో కూర్చున్న గురువుగారి దగ్గరికి వెళ్ళింది.

"తొంభై కాస్తా డెబ్భై అయింది గురువుగారూ."

"అవతలవాడు చెప్పేది వినాలిగా మరి."

ఆయన పక్కన కూర్చుని అడిగింది.

"ఇంతకీ మీ నాన్నగారు ఏ లంక పడవని పిలిచేవారు?"

నూకరాజు గారు తలెత్తి టవరు కొసన ఉన్న బిళ్ళని చాలాసేపు చూశాడు. తువ్వాలు మడతపెట్టి భుజం మీద వేసుకున్నాడు.

"ఆయన ఎప్పుడూ కేక వెయ్యలేదమ్మా. తువ్వాలు ఎత్తి దింపేవాడు, అంతే."