గెడలా నిలబడిన జోగన్న

అనగనగా అంటే నిన్నమొన్నటి మాట కాదు, మన తాతల తాతలు కూడా పుట్టని కాలపు మాట. ఏరు సముద్రంలో కలిసే చోట ఒక చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యపు కొసన, ఉప్పుగాలి ఎప్పుడూ వీచే ఒడ్డున, చినమొగ అనే పల్లె ఉండేది.

ఆ పల్లెలో అందరికీ పడవలే బతుకు. కానీ అక్కడి ఏరు మహా మాయదారిది. నీళ్ళ కింద ఇసుకమేటలు దాగి ఉండేవి. నిన్న ఇక్కడున్న మేట ఇవాళ అక్కడికి జరిగేది. పొరపాటున దాని మీదికి ఎక్కిన పడవ, రెండు అలలు కొడితే చాలు, కుండ పగిలినట్టు పగిలిపోయేది.

ఆ పల్లెను కాచే మనిషి మార్తమ్మ. రోజూ పొద్దున్నే చిన్న దోనెలో బయలుదేరేది. వెదురుతో లోతు చూసేది. లోతున్న దారికి అటూ ఇటూ గెడలు పాతి, వాటి కొసలకు ఎర్రగుడ్డలు కట్టేది. ఆ గెడల నడుమ నుంచి వచ్చిన పడవ క్షేమంగా ఒడ్డు చేరేది.

మార్తమ్మ, ఆమె భర్త సీమోను ఏసయ్యను నమ్ముకున్న వాళ్ళు. తాటాకు పందిరి కింద నలుగురితో కలిసి ప్రార్థన చేసుకునేవారు. మూడేళ్ళు కష్టపడి వాళ్ళిద్దరూ ఒక పడవ కట్టుకున్నారు. ఆ పడవంటే సీమోనుకు ప్రాణం.

ఒక ఏడు కొండల్లో వానలు లేవు. జోగన్న అనే మేకల కాపరి భార్యనూ మేకలనూ వెంటబెట్టుకుని కొండ దిగి వచ్చాడు. ఊరికి దూరంగా, ఏటి ఒడ్డున గుడిసె వేసుకున్నాడు. అతడు పుట్టి బుద్ధెరిగి సముద్రాన్ని చూసింది లేదు.

ఒక మధ్యాహ్నం పోటు తీసి, నీళ్ళు వెనక్కి పోయాయి. ఇసుకలో నిలువునా గెడలు కనబడ్డాయి. "ఎవరో పారేసిన కర్రలు! మేకల దొడ్డికి భలే పనికొస్తాయి!" అనుకున్నాడు జోగన్న. పదకొండు గెడలు పీకి భుజాన వేసుకున్నాడు. ఎర్రగుడ్డలు విప్పి ముచ్చటగా మేకపిల్లల మెడలకు కట్టాడు.

ఆ సాయంత్రమే సీమోను పడవ తిరిగొచ్చింది. పోటు ఎక్కింది, గాలి లేచింది. ఒడ్డున నిలబడ్డ మార్తమ్మ ఏటి వైపు చూసింది. గెడలు లేవు! ఒక్కటీ లేదు!

"ఎడమకు మావా! ఎడమకు తిప్పు!" అని గొంతు చించుకుంది. గాలి ఆ కేకను మింగేసింది.

దబ్! పడవ మేట ఎక్కింది. మొదటి అల వంచింది. రెండో అల చీల్చింది. మూడో అలకు తెరచాప కొయ్య విరిగి సీమోను కాలి మీద పడింది. జనం ఈదుకుంటూ వెళ్ళి మనిషినైతే బయటికి లాగారు. పడవ మాత్రం మిగల్లేదు. కాలు రెండు చోట్ల విరిగింది.

"గెడలు పీకిందెవడు?" అంటూ పల్లె పల్లెంతా వెతికింది. మేకపిల్లల మెడల్లో ఎర్రగుడ్డలు కనబడగానే అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి. జోగన్న చేతులు కట్టి రాజుగారి ముందుకు ఈడ్చుకెళ్ళారు.

రాజు అంతా విని అన్నాడు. "నష్టపోయింది మార్తమ్మ. శిక్ష ఏమిటో ఆమే చెప్పాలి. మూడు రోజులు గడువు."

మొదటి రోజు మార్తమ్మ ఏడ్చింది. రెండో రోజు పళ్ళు కొరికింది. మూడో రోజు పొద్దున్నే మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టింది. "మాకు కీడు చేసినవాళ్ళను మేము క్షమించినట్టే మా తప్పులు క్షమించు తండ్రీ" అనే చోట ఆగిపోయింది.

మంచం మీద నుంచి సీమోను చూశాడు. "ఏం మార్తా, ఆగిపోయావు?"

"నావల్ల కాదు మావా. నీ కాలు చూస్తే నా కడుపు మండిపోతోంది."

"నాకూ మండుతోంది. కానీ ఏసయ్యను సిలువకు కొట్టినప్పుడు, ఆ కొట్టినవాళ్ళ కోసమే కదా ఆయన తండ్రిని వేడుకున్నాడు? వాళ్ళు చేస్తున్నదేమిటో వాళ్ళకే తెలియదన్నాడు. మేకులు దిగుతుంటే అన్నాడు మార్తా, నొప్పి తగ్గాక కాదు."

మార్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ కొండ మనిషికి తెలుసో తెలియదో నువ్వు అడిగావా?" అన్నాడు సీమోను.

"ఎవరూ అడగలేదు" అంది మార్తమ్మ నెమ్మదిగా. ఆ మాట అన్నాక లేచి, చీర సర్దుకుని, రాజుగారి కొలువుకు నడిచింది.

కొలువు కిటకిటలాడుతోంది. "వాణ్ణి తరిమేయండి!" అని ఒకరు. "మేకల్ని లాక్కోండి!" అని మరొకరు. "గెడలు పీకిన చేతులు నరకండి!" అని ఇంకొకరు. ఓ మూల జోగన్న భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

మార్తమ్మ జోగన్న ఎదుట నిలబడింది.

"జోగన్నా, ఆ గెడలు ఎందుకు పాతామో నీకు తెలుసా?"

"తెలియదమ్మా. పారేసిన కర్రలనుకున్నాను."

"ఎర్రగుడ్డ ఎందుకు కడతామో తెలుసా?"

"తెలియదమ్మా. మా కొండల్లో పండక్కి కడతారు."

"మధ్యాహ్నం ఇసుక కనబడిన చోట సాయంత్రానికి పడవలు నడుస్తాయని తెలుసా?"

జోగన్న నోరు తెరిచాడు. "నడిచే నేల నీళ్ళయిపోతుందా అమ్మా?" అన్నాడు. అంత పెద్ద మగవాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. "అయ్యగారి కాలు నావల్ల విరిగిందా? నా కాలు తీసుకోండమ్మా!"

రాజు ముందుకు వంగాడు. "తెలియదన్నంత మాత్రాన నష్టం నష్టం కాకుండా పోతుందా మార్తమ్మా?"

"పోదు మహారాజా. నా పడవ తిరిగి రాదు. నా కోపం కూడా ఇంకా పోలేదు. అయినా ఇతణ్ణి నేను క్షమిస్తున్నాను. తెలిసి చేసినవాడికైతే శిక్ష అడిగేదాన్ని. తెలియక చేసినవాడికి తెలియజెప్పే మనిషి కావాలి. నాకు అప్పగించండి. ఏరంటే ఏమిటో నేను నేర్పుతాను."

"పిచ్చిది!" అని జనం గుసగుసలాడారు. రాజు మాత్రం "విప్పండి కట్లు!" అన్నాడు.

మర్నాటి నుంచి చదువు మొదలైంది. దోనె ఎక్కిన మొదటి రోజు జోగన్న తిన్నదంతా కక్కాడు. రెండో రోజు గెడతో పాటు తనూ నీళ్ళలో పడ్డాడు. ఒడ్డున పిల్లలు పగలబడి నవ్వారు. ఆ సంగతి విని మంచం మీద సీమోను కూడా నవ్వాడు, కాలు విరిగాక మొదటిసారి! నెల గడిచింది, రెండు గడిచాయి. నీటి రంగు చూసి మేట ఎక్కడుందో చెప్పడం జోగన్నకు వచ్చింది. ఆటుపోట్ల వేళలు వచ్చాయి. ఈత మాత్రం సరిగ్గా పట్టుబడలేదు. "అక్కా" అని పిలవడం మొదలుపెట్టాడు. అలా పిలిచిన ఏ రోజునో మార్తమ్మ కోపం ఆమెకే తెలియకుండా కరిగిపోయింది.

కార్తీక మాసం వచ్చింది. ఒక ఉదయం పల్లె నుంచి మూడు పడవలు వేటకు వెళ్ళాయి. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. తుపాను! ఎగువ నుంచి వరద, దిగువ నుంచి అలలు! మార్తమ్మ, జోగన్న ఒడ్డుకు పరుగెత్తారు. చూస్తుండగానే వరద గెడలన్నిటినీ పుల్లల్లా ఊడ్చుకుపోయింది.

అంతలో వానలో నుంచి మూడు తెరచాపలు కనబడ్డాయి.

"దారి తెలియక మేట ఎక్కేస్తారు!" అని మార్తమ్మ కేక పెట్టింది. గెడ పాతబోతే వరద లాక్కుపోయింది. ఇంకొకటి పాతబోతే అదీ పోయింది.

జోగన్న తన తలపాగా విప్పాడు. ఎర్రటి తలపాగా!

"అక్కా, మేట అంచు నాకు తెలుసు. కర్ర నిలబడకపోతే మనిషి నిలబడతాడు!"

"నీకు ఈత రాదురా తమ్ముడూ!"

అప్పటికే అతడు నీళ్ళలో ఉన్నాడు. అడుగు తడుముకుంటూ, పడుతూ లేస్తూ మేట కొసకు చేరాడు. కాళ్ళు ఇసుకలో పాతుకున్నాడు. తలపాగా పైకెత్తి ఊపాడు.

మొదటి పడవ అతణ్ణి చూసి పక్కకు తిరిగింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. పడవ దాటిపోయింది!

రెండో పడవ వచ్చింది. నీళ్ళు ఛాతీ దాకా ఎక్కాయి. అదీ దాటిపోయింది!

మూడో పడవ ఊరిపెద్ద నూకరాజుది. నీళ్ళు గడ్డం తాకాయి. అల వచ్చినప్పుడల్లా జోగన్న మునిగిపోతున్నాడు. తలపాగా పట్టిన చెయ్యి మాత్రం మునగలేదు. "అదిగో ఎర్రగుడ్డ! తిప్పండి!" అని నూకరాజు అరిచాడు. పడవ సర్రున తిరిగి, మేటను రాసుకుంటూ లోతులోకి జారింది. జారుతూనే నూకరాజు వంగి ఆ చేతిని పట్టేశాడు. జోగన్నను చేపను లాగినట్టు పైకి లాగేశాడు.

ఒడ్డున పల్లె పల్లెంతా కేకలు! పందొమ్మిది మంది బతికారు. పిల్లలు తండ్రులను చుట్టేశారు. మార్తమ్మ జోగన్నను కౌగిలించుకుని, ఏడుస్తూనే ఏసయ్యకు స్తోత్రం చెప్పింది.

నూకరాజు ఇంకా ఒగురుస్తూనే అడిగాడు. "ఈత రానివాడివి, ఎందుకు దిగావయ్యా అందులోకి?"

జోగన్న ఉప్పునీళ్ళు ఉమ్మేసి అన్నాడు. "అప్పుడు నాకు తెలియదు పెద్దయ్యా, అందుకే అక్క క్షమించింది. ఇప్పుడు తెలుసు. తెలిసి కూడా ఒడ్డున నిలబడితే ఎలా?"

పిల్లలూ, తెలియక తప్పు చేసినవాణ్ణి క్షమించండి, క్షమించి ఊరుకోక తెలియనిది నేర్పండి. అప్పుడే ఆ క్షమ పదిమందినీ కాపాడుతుంది.