ఎదురు చెప్పని శిష్యులు

వాగీశ్వరశర్మగారి పాఠశాలలో నలభై మంది యువకులు వాదన నేర్చుకుంటున్నారు. ఏటి నీటి పంపకం మీద పొరుగు రాజ్యంతో వాదించడానికి గట్టివాణ్ణి ఎంచుకుందామని ఒకరోజు రాజుగారే అక్కడికి వచ్చారు.

"ఎవరినైనా తీసుకెళ్లండి ప్రభూ. నా మాటకు ఎదురు చెప్పిన శిష్యుడు ఇంతవరకు లేడు, ఇకముందు ఉండడు" అన్నారు శర్మగారు గర్వంగా. శిష్యులంతా ఒక్కసారిగా తలలూపారు.

పాఠశాలకు నీళ్లు మోసే అంకమ్మ ఆ మాట వింది. ఏటి నీళ్లు పోతే ఆమె ఊరి పొలాలన్నీ బీడే. బిందె దించి, "అయ్యా, ఎదురు చెప్పడం వీళ్లకు నేర్పారా?" అని అడిగింది.

"నేను నేర్పేదే అది" అన్నారు శర్మగారు చిరాగ్గా.

"అయితే ఇప్పుడు మీరన్నది తప్పని ఒక్కరినైనా వాదించమనండి. వాదిస్తే మీ మాట తప్పవుతుంది. వాదించలేకపోతే మీ చదువు తప్పవుతుంది. ఏదైనా సరే, పొరుగువాళ్ల ముందు కాకుండా ఇక్కడే తేలిపోవడం మంచిది."

రాజుగారు ముందు వరుసలో ఉన్న శిష్యుణ్ణి చూసి, "నువ్వేమంటావు?" అన్నారు.

అతను వినయంగా లేచి, "గురువుగారు ఏమంటే అదే ప్రభూ" అన్నాడు.

మర్నాడు పొరుగు రాజ్యానికి బయల్దేరిన పల్లకిలో అంకమ్మ కూర్చుంది. అది కూడదని వాదించాలని శర్మగారు ఎంతో తాపత్రయపడ్డారు. కానీ తిరిగి జవాబిచ్చేవాళ్లతో మాట్లాడటం ఆయనకు బొత్తిగా అలవాటు లేదు.