సుద్దగీతల మధ్య కుర్చీ

శ్రీకర్‌కి ఆ రోజు ఒళ్ళు మండిపోయింది.

"సార్, వీళ్ళ కోసం మనం ఇంత దూరం వచ్చాం. ఈ ఎండలో, ఫ్యాను తిరగని బళ్ళో పొద్దున్నించీ కూర్చున్నాం. వీళ్ళేమో అడిగినదానికి ఒక్క ముక్క చెప్పి లేచిపోతున్నారు. కొందరు కుర్చీలో కూడా సరిగ్గా కూర్చోరు. నేనేదో వాళ్ళ మీద కేసు పెట్టడానికి వచ్చినట్టు చూస్తారు."

ఖాదర్‌వలి గారు వరండాలో టీ తాగుతున్నారు. ఆయన ఒకప్పుడు సైన్యంలో డాక్టరు. సరిహద్దు ఆసుపత్రుల్లో పనిచేసి, తర్వాత యూనివర్సిటీలో మనసు జబ్బుల గురించి పాఠాలు చెప్పారు. యుద్ధం చూసి ఇంటికొచ్చిన సైనికులకి నిద్ర పడుతోందా, ఇంట్లోవాళ్ళతో ఎలా ఉంటున్నారు, మామూలు బతుకులో మళ్ళీ ఇమడగలుగుతున్నారా అనేది ఆయన పరిశోధన. శ్రీకర్ ఆయన దగ్గర కొత్తగా చేరిన శిష్యుడు.

"సరిగ్గా కూర్చోరా?" అన్నారాయన.

"కూర్చోరు సార్. కుర్చీని పక్కకి తిప్పేస్తారు. నేను మళ్ళీ గీతల్లోకి జరుపుతాను. మళ్ళీ తిప్పుతారు."

ఆయన తల తిప్పి తరగతి గదిలోకి చూశారు. టీ తాగుతూ ఉండిపోయారు.

ఆ గీతలంటే శ్రీకర్‌కి మహా గర్వం. అందరినీ ఒకే పద్ధతిలో అడిగితేనే ఒకరి జవాబుని ఇంకొకరి జవాబుతో పోల్చగలం అని చదువుకున్నాడు. అందుకే తరగతి గది మధ్యలో కుర్చీ వేసి, నాలుగు కాళ్ళ చుట్టూ నేల మీద సుద్దతో గీతలు గీశాడు. కిటికీ వెలుగు వచ్చినవాళ్ళ మొహం మీద పడాలి, మొహంలో మార్పులు తను రాసుకోవాలి. తన బల్ల ఎదురుగా, చివరి గోడకి దగ్గరగా వేసుకుని, గోడకీ బల్లకీ మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు కుర్చీకి వెనకవైపు వచ్చింది. అదేం పెద్ద విషయం కాదనుకున్నాడు.

ఆ ఊరి పేరు మల్లెలపాడు. ఏ వీధికెళ్ళినా సైన్యంలో చేసినవాడో, చేస్తున్నవాడో ఉంటాడు. బడి గేటుకి పెద్ద బ్యానర్ కట్టారు. 'వీర సైనికులకు మా వందనం' అని అక్షరాలు. కింద చేతులు జోడించిన నాయకుడి బొమ్మ నిలువెత్తున ఉంది. ఒక్క సైనికుడి బొమ్మ లేదు. మొదటిరోజు ఆ నాయకుడు వచ్చాడు, శాలువాలు కప్పాడు, ఫొటోలు దిగాడు. ఆయన కారు మలుపు తిరగ్గానే షామియానా కూడా విప్పుకుని పోయారు. వీరులందరూ ఎండలో నిలబడి తమ వంతు కోసం చూశారు.

అయినా వచ్చారు. ఎందుకంటే ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పినవాళ్ళలో, అవసరమున్నవాళ్ళని సిటీ ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేస్తామన్నారు. మధ్యలో లేచిపోయినవాళ్ళ పేరు ఎదురుగా శ్రీకర్ 'సహకరించలేదు' అని రాస్తున్నాడు. అలా రాస్తే ఆసుపత్రి లేదు. అది రూలు.

టీ గ్లాసు కింద పెట్టకముందే ఒకావిడ గేటు దాటి విసురుగా వచ్చింది.

"ఆ రాసే సారు ఎవరు?"

"నేనేనమ్మా."

"నా పేరు ఆదిలక్ష్మి. హవల్దారు చెన్నకేశవులు భార్యని. మా ఆయన పేరు కాడ సహకరించలేదని రాశావంట. ఏం సహకరించలా?"

"అమ్మా, ఆయన కుదురుగా కూర్చోనే లేదు. సగం ప్రశ్నలకి జవాబు లేదు. చివరికి కుర్చీ తన్నేసి వెళ్ళిపోయారు."

"కుర్చీనే గదా తన్నింది. నయం, నిన్ను తన్నలా."

వరండాలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మంచుకొండ మీద నిలబడమంటే నిలబడ్డాడు. కదలొద్దంటే కదల్లా. పక్కనోడు పడిపోతే వాడి చోటు కూడా తనే కాశాడు. అప్పుడు ఏ అయ్యా రాయలేదే, సహకరించలేదని? ఇప్పుడు నీ చెక్కకుర్చీలో కూర్చోలేదని రాస్తావా? రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది?"

శ్రీకర్ మొహం ఎర్రబడింది. "రూలు ప్రకారం..."

"నీ రూలు పాడుగాను! మా పాప వాళ్ళ నాన్నని నిద్ర లేపబోయింది. భుజం మీద చెయ్యేసిందంతే. పాప గొంతు పట్టుకున్నాడు. ఎవరో తెలిసినాక గోడకేసి తల బాదుకున్నాడు. ఆ రోజు నించీ పాప మా అక్క ఇంట్లో పడుకుంటోంది. నాన్న మంచమ్మీద పడుకుంటానని ఏడుస్తది. నేనేం చెప్పాలి దానికి? ఆసుపత్రి అన్నారని కాళ్ళావేళ్ళా పడి ఈయన్ని పంపించా. నువ్వు ఒక్క మాట రాసి కొట్టేశావు."

"మళ్ళీ అడుగుతానమ్మా, కానీ ఆయన కూడా సహకరించాలి కదా?"

ఆ మాటకి ఆదిలక్ష్మి తల అడ్డంగా ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

ఖాదర్‌వలి గారు లేచారు. "ఆయన ఎక్కడున్నాడమ్మా?"

"గేటు కాడ ఉన్నాడు సాయెబుగారూ. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపలికి రాడంట."

ఆయన గేటు వైపు వెళ్ళలేదు. నేరుగా తరగతి గదిలోకి వెళ్ళి, సుద్దగీతల మధ్య ఉన్న కుర్చీలో కూర్చున్నారు.

"శ్రీకర్, రా. నన్ను అడుగు."

"మిమ్మల్నా సార్?"

"ప్రశ్నలు ఉన్నాయిగా. అడుగు."

శ్రీకర్ వెళ్ళి తన బల్ల వెనక కూర్చున్నాడు. ఆదిలక్ష్మి గుమ్మంలో నిలబడి, ఈ ముసలాయనకి ఇప్పుడేం పుట్టింది అన్నట్టు చూస్తోంది.

"రాత్రిళ్ళు నిద్ర ఎలా పడుతోంది?"

వరండాలో ఎవరో చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచారు. ఖాదర్‌వలి గారు వెనక్కి తిరిగి చూశారు. ఆ మనిషి దాటిపోయేదాకా చూసి, ఇటు తిరిగారు.

"పడుతోంది."

"చిన్నవాటికే కోపం వస్తోందా?"

బయట ఎవరో బెంచీ ఈడ్చారు. ఆయన మళ్ళీ వెనక్కి తిరిగారు.

"వస్తోంది."

"ఇంట్లోవాళ్ళతో..."

గేటు కిర్రుమంది. ఆయన తిరిగారు. ఈసారి తిరిగినవారు అటే చూస్తూ ఉండిపోయారు.

"సార్, ఇటు చూడండి. అటేముంది?" అన్నాడు శ్రీకర్.

అనేశాక అతని చేతిలో పెన్ను ఆగిపోయింది. పొద్దున్నించీ ప్రతివాళ్ళతోనూ ఆ మాటే అన్నాడు. చెన్నకేశవులుతో అయితే పెన్నుతో బల్ల మీద కొట్టి మరీ అన్నాడు.

"తర్వాతది చదువు," అన్నారు ఖాదర్‌వలి గారు.

"హోటల్లోనో, బస్సులోనో కూర్చోవాల్సి వస్తే..." శ్రీకర్ గొంతు తగ్గిపోయింది. "వీపు వెనక గోడ ఉండేలా చూసుకుంటారా?"

"వినపడలేదు. గట్టిగా."

శ్రీకర్ కాయితం బోర్లించాడు. నేల చూపులు చూస్తూ అన్నాడు. "అందరికీ ఒకేలా ఉండాలని సార్..."

"అందరూ ఒకేలా తిరిగొచ్చారా?"

ఆయన గొంతులో అంత కోపం శ్రీకర్ ఎప్పుడూ వినలేదు. ఆయన లేచి బల్ల దగ్గరికి వచ్చారు. శ్రీకర్ వీపు వెనకున్న గోడ మీద అరచెయ్యి ఆనించారు.

"నీ మీదికి ఎవరొస్తారని బాబూ, గోడ నువ్వు తీసుకున్నావు?"

శ్రీకర్ బల్ల దగ్గర్నించి లేచాడు.

"వెళ్ళు. ఆయన్ని అడిగి రా."

"ఏమని సార్?"

"ఎక్కడ కూర్చుంటాడో."

గేటు దగ్గర చెన్నకేశవులు నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి. భుజం మీద తువ్వాలు. రోడ్డు ఈ చివరి నించి ఆ చివరి దాకా చూపు తిరుగుతూనే ఉంది. శ్రీకర్ అతని పక్క నించి కాకుండా ఎదురుగా, కాస్త దూరంలో ఆగాడు.

"మీరు ఎక్కడ కూర్చుంటారండీ?"

చెన్నకేశవులు అతన్ని పై నించి కింద దాకా చూశాడు. "ఇది కూడా కాయితంలో ఉందా?"

"లేదండీ."

"మరి?"

"నేనే అడుగుతున్నాను."

చెన్నకేశవులు తువ్వాలు సర్దుకున్నాడు. బడిలోకి నడిచాడు. గదిలోకి వచ్చి నాలుగు పక్కలా చూశాడు. శ్రీకర్ వేసుకున్న బల్లని ఒంటిచేత్తో పక్కకి జరిపాడు, బెంచీని గది మధ్యకి నెట్టాడు. గీతల మధ్య కుర్చీ ఎత్తి తెచ్చి గోడ మూలకి వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా తలుపు, పక్కన కిటికీ. భుజాలు కాస్త కిందికి దిగాయి. గుమ్మంలో ఆదిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఖాదర్‌వలి గారు బయటికి వెళ్ళిపోయారు.

శ్రీకర్ కూర్చోవడానికి మిగిలింది గది మధ్యలో ఉన్న బెంచీ. తలుపు వైపు వీపు పెట్టి దాని మీద కూర్చున్నాడు.

"ముందు మా పాప సంగతి రాసుకో," అన్నాడు చెన్నకేశవులు. "నీ ప్రశ్నలు తర్వాత. ఆ రోజు అది నా భుజం మీద చెయ్యేసిందని నాకు తెలవదు. నాకు తెలిసింది వేరే..."

వరండాలో ఇనప కుర్చీల దొంతర ఒక్కసారిగా కూలింది. ఆ చప్పుడుకి శ్రీకర్ ఎగిరిపడి వెనక్కి తిరిగాడు.

తిరిగి ఇటు చూసేసరికి చెన్నకేశవులు సగం లేచి ఉన్నాడు. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. మెల్లగా ఊపిరి వదిలి కూర్చున్నాడు. శ్రీకర్ మళ్ళీ తలుపు వైపు తల తిప్పడం చూశాడు.

"కుర్చీలు పడినాయి. ఏం లేదు," అన్నాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు మళ్ళీ అన్నాడు. "నువ్వు మాటిమాటికీ వెనక్కి చూడబాక బాబూ. ఆ తలుపు నేను చూస్తుంటాలే. నువ్వు రాసుకో."

శ్రీకర్ తల వంచుకున్నాడు. 'సహకరించలేదు' అన్న మాట కొట్టేసి, పాప సంగతి రాయడం మొదలుపెట్టాడు.