ఏనుగుకు తెలుగు

కొండసీమ రాజు కానుకగా పంపిన ఏనుగు, కొండభాషలో చెబితే తప్ప మాట వినేది కాదు. "మన కొలువులో మన భాషే నడవాలి" అంటూ సేనాపతి దాని ఆజ్ఞలన్నీ తెలుగులోకి మార్చి, సభలో తన రాజు ఎదుట "కూర్చో!" అని గద్దించాడు. ఏనుగు కదల్లేదు.

"ఇది రాజధిక్కారం! చంపించండి ప్రభూ" అన్నాడు సేనాపతి.

ఏనుగుతో వచ్చిన మావటి ఎర్రప్ప ముందుకొచ్చి, సేనాపతి వైపు తిరిగి కొండభాషలో గట్టిగా ఏదో అన్నాడు. సేనాపతి గుడ్లప్పగించి నిలబడ్డాడు.

"ఏమన్నావురా?" అడిగాడు రాజు.

"తమరికి దండం పెట్టమన్నాను ప్రభూ. వారు పెట్టలేదు. మరి వారికేం శిక్ష?"

రాజు పకపకా నవ్వాడు. "అయితే ఆ మార్చేదేదో నువ్వే మార్చు."

ఎర్రప్ప పట్టు వదలకుండా రోజూ పాతమాట, దాని వెంటే కొత్తమాట చెబుతూ, మెల్లగా పాతది మానేశాడు. దసరానాడు రాజు "కూర్చో" అనగానే ఏనుగు కూర్చుంది. ఎర్రప్ప దాని తొండం వాటేసుకుని ఏడ్చేశాడు.