ఇసుకకు కట్టిన కూలి

అనగనగా నడిసంద్రంలో అరచేయంత దీవి. పేరు గవ్వలదీవి. దాన్ని ఏలేది పోలిరాజు. ఏలుబడి అంటే ఏనుగులూ కోటలూ కావు. ఒక కొబ్బరితోట, ఒక మంచినీటి ఊట, ఊరందరి చేపల్లో వంతు తీసి నింపిన బొక్కసం. అంతే.

ఆ దీవిలో గింజ పండదు. తినే ప్రతి మెతుకూ నాగన్న అనే వర్తకుడి ఓడలో అవతలి ఒడ్డు నుంచి రావలసిందే.

మొదటి ఏడు నాగన్న, "ఓడ కూలి పెరిగింది దొరా" అన్నాడు. రాజు బొక్కసం ఊడ్చి ఇచ్చాడు. రెండో ఏడూ అదే పాట. కొబ్బరితోట కాపంతా ఇచ్చాడు. మూడో ఏడు నాగన్న తల గోక్కుంటూ, "ఇక మీకు మిగిలింది ఆ ఊటే కదా దొరా! అది నా పేర పెట్టండి. కడవకింతని పుచ్చుకుంటాను" అన్నాడు.

పోలిరాజు ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు. "మన నీళ్ళు మనమే కొనుక్కు తాగాలా?"

"పక్కనున్న ఉప్పుదీవి గంగురాజుని అడగరాదూ, వాళ్ళెట్టా నెట్టుకొస్తున్నారో?" అంది భార్య ఎర్రమ్మ.

"వాడి పేరెత్తకు! వాడి కూతురి పెళ్ళిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళయినా నా కడుపు మండుతూనే ఉంది."

"అయితే ఆ మంట మీదే వండుతాను. గింజలు మాత్రం మీరు తెండి."

రాజుకి రోషమొచ్చింది. రేవుకి పోయి, ఇంత కూలికి నాగన్న ఏం మోస్తున్నాడో చూద్దామని ఓడ అడుగుకి దిగాడు. సగం బియ్యం బస్తాలు. మిగతా సగం ఇసుక!

"ఏమయ్యా నాగన్నా, ఇదేంటి?"

"మీది చిన్న దీవి. ఓడ నిండా సరుకు మీకెందుకు? ఖాళీగా వస్తే అలకి ఓడ బోర్లా పడుతుంది. బరువుకి ఇసుక పోశాను."

"దీనికీ కూలి మేమేనా?"

"ఓడంతా కదిలితే ఓడంతటికీ కూలే కదా దొరా."

"మరి ఉప్పుదీవికో?"

"రేపు ఇంకో ఓడ. వాళ్ళకీ సగం ఇసుకే."

నాగన్న ఏదీ దాచలేదు. ఇన్నాళ్ళూ అడిగినవాడే లేడు.

ఊట దగ్గర ఆడవాళ్ళు కడవలు ముంచుతున్నారు. రేవు నుంచి వస్తూ రాజు అది చూశాడు. పళ్ళు కొరుక్కుంటూ పడవెక్కి ఉప్పుదీవికి బయల్దేరాడు.

ఒడ్డున గంగురాజు ఎదురయ్యాడు. "ఏం బావా, దారి తప్పావా?"

"తప్పలేదు. ఆ రెండో బంతి మరిచిపోనూ లేదు. అది అట్టా ఉండనీ. నీ ఓడలో ఇసుకెంత?"

గంగురాజు మొహం వాడిపోయింది. "సగం. ఈసారి ఉప్పుమడులు అడుగుతున్నాడు."

"నన్ను ఊట అడుగుతున్నాడు. ఒకే ఓడ తెప్పిద్దాం. నిండా బియ్యం. కూలి చెరి సగం."

గంగురాజు పకపకా నవ్వాడు. "ఇన్నేళ్ళూ ఇసుక తిన్నాం కదా బావా!"

నాగన్న గొణిగాడు. కాదంటే నిండు సరుకు కోసం ఇంకో ఓడవాడు వస్తాడు, ఏం చేస్తాడు? ఆ ఏటి నుంచి రెండు దీవులకూ ఒక్కటే ఓడ, అంచుల దాకా బియ్యం. ఊట ఊరిదిగానే ఉండిపోయింది. బొక్కసంలో మళ్ళీ నాలుగు డబ్బులు చేరాయి. జనం కడుపు నిండా తిన్నారు, కంటి నిండా నిద్రపోయారు.

కాబట్టి పిల్లలూ, కోపముంటే ఉండనీండి; బతుకు బరువు మాత్రం పక్కవాడితో కలిసి మోసుకోవాలి.