మైకు ఆగిన సభ

ఆఫ్రికాలో ఒక సరస్సు ఒడ్డు దేశంలో గోండ్వే అనే న్యాయమూర్తి ఉండేవారు. అధ్యక్షుడికి నచ్చని తీర్పు ఇచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నాక, ఇంటి వరండాలో కుర్రకారుకు చట్టం చెప్పేవారు. ప్రశ్న అడిగిన వెంటనే బదులిచ్చే అలవాటు ఆయనకు లేదు.

ఒకనాడు తదాల అనే శిష్యురాలు విసిగిపోయి అడిగింది.

"మాస్టారూ, రెండుసార్లకు మించి ఎవరూ అధ్యక్షుడు కాకూడదని రాజ్యాంగంలో రాసుకున్నాం. ఈయన మూడోసారి కోసం ఆ మాటే కొట్టేయిస్తున్నాడు. బలమున్నవాడు చెరిపేసే కాగితాన్ని మేం చదవడం దేనికి?"

మాస్టారు చేతికర్ర అందుకున్నారు. "ఆ సవరణ మీద జనం అభిప్రాయం వినడానికి ప్రభుత్వం వేసిన కమిషన్ వాళ్ళు సంతలో కూర్చున్నారట. పద, మనమూ విందాం."

సంత షెడ్డు కిక్కిరిసి ఉంది. లోపల చోటు చాలనివాళ్ళు ఎండలో, రోడ్డుదాకా నిలబడ్డారు. ముందు వరసలో కూర్చోబెట్టిన పెద్దలు ఒక్కొక్కరే లేచి సవరణ బాగుందన్నారు. తరువాత పిండి అమ్ముకునే జియోనె మైకు పుచ్చుకుంది. గోడ మీద 'మూడోసారి వద్దు' అని రాసినందుకు ఆమె తమ్ముణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ఇంతవరకూ జాడ లేదు.

"రెండుసార్లు ఏలినవాడు దిగిపోవాలి" అంది జియోనె. మైకు ఆగిపోయింది.

"కరెంటు పోయినట్టుంది. కూర్చోమ్మా" అన్నాడు కమిషన్ పెద్ద. ఆయన నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

జియోనె కూర్చోలేదు. గొంతు పెంచి మళ్ళీ అదే మాట అంది. అది సగం షెడ్డు కూడా దాటలేదు. అప్పుడు మధ్యలో ఉన్న ఒక ముసలాయన వెనక్కి తిరిగి, "రెండుసార్లు ఏలినవాడు దిగిపోవాలట" అని అందించాడు. వాళ్ళు తమ వెనకవాళ్ళకు అందించారు. రోడ్డు చేరేసరికి ఆ 'అట' ఊడిపోయింది. "దిగిపోవాలి!" అని ఎండలోంచి కేక వచ్చింది.

"మా తమ్ముడెక్కడో చెప్పండి" అంది జియోనె.

పోలీసు అధికారి లాఠీ పట్టుకుని గుంపులోకి దూరాడు. "ఎవర్రా అరిచేది?" అతను ఎటు తిరిగినా మాట వీపు వెనకనుంచే వినిపిస్తోంది. చివరికి మాస్టారి పక్కన నిలబడ్డ తదాల ఎదుట ఆగాడు. సరిగ్గా అప్పుడే ఆమె ముందున్నావిడ వెనక్కి తిరిగి, "వాళ్ళ తమ్ముడెక్కడో చెప్పాలట" అంది.

తదాలకు వకీలు పట్టా ఇంకా చేతికి రాలేదు. కేసు పడితే ఇక రాదు. ఇంట్లో అమ్మ ఆ పట్టా కోసమే ఎదురు చూస్తోంది. పక్కకు చూసింది. మాస్టారు జియోనె వైపే చూస్తున్నారు.

ఆమె అధికారి కళ్ళలోకి చూస్తూ గొంతెత్తింది. "మా తమ్ముడెక్కడో చెప్పండి!"

అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. వెనకనున్న వందల నోళ్ళు అదే మాట అందుకున్నాయి. పట్టు సడలింది.

కమిషన్ వాళ్ళు సభ ముగిసిందని కూడా చెప్పకుండా కార్లెక్కారు. జియోనె చుట్టూ సంత ఆడవాళ్ళు మూగి, ఎవరి చెయ్యీ పడకుండా ఆమెను ఇంటిదాకా తీసుకుపోయారు.

తిరుగుదారిలో తదాల అడిగింది.

"అయినా కమిషన్ వాళ్ళు జనం ఒప్పుకున్నారనే రాసుకుంటారేమో, మాస్టారూ?"

"రాసుకోనీ అమ్మాయ్" అన్నారు గోండ్వే. "దాన్ని తెచ్చి ఈ సంతలో చదవమను."