గోనమ్మ తల మీద ఇరవై ఐదుగురు

పదిహేనేళ్ళ కిందట మంత్రి విరూపయ్య కోటవీధిలో యాభై మందిని, మెట్టపల్లెలో యాభై మందిని ఏరి పెట్టాడు. రెండుచోట్లా జనం సమానమే. అయిదేళ్ళకోసారి వాళ్ళనే పొద్దున్నే కోటకు పిలిచి, "నీళ్ళు చాలుతున్నాయా?" అని అడగడం ఆయనగారి ఘనకార్యం. ఆ జవాబులను బట్టే రాజు బావులు తవ్విస్తాడు.

ఈసారి కోటవీధి నుంచి నలభై ఎనిమిది మంది వచ్చారు. మెట్టపల్లె నుంచి గోనమ్మ, ఆమె మరిది, ఇద్దరే వచ్చారు.

"వచ్చిన యాభై మందిలో నలభై ఎనిమిది మందికి చాలుతున్నాయి మహారాజా! బావి అక్కర్లేదు," అన్నాడు మంత్రి.

"చాలడం లేదని ఎన్నిసార్లు మొత్తుకోవాలయ్యా!" అంది గోనమ్మ.

"ఒక నోటికి ఒక మాటే ముసలీ. ఇక పో!"

మర్నాడు పొద్దున కోటగోడ పనికి మెట్టపల్లె నుంచి యాభై మంది రావలసిన వంతు. మళ్ళీ ఆ ఇద్దరే వచ్చారు. రాజు ఎదుటే మంత్రి మండిపడ్డాడు.

"యాభై మంది రావాలి కదే! వాళ్ళందరి పనీ మీ ఇద్దరే చేసి చావండి!"

"అంటే ఒక్కొక్కరం ఇరవై ఐదుగురి కింద లెక్కా అయ్యా?"

"ముమ్మాటికీ!"

"విన్నారు గదా మారాజా! రాళ్ళు మోసేటప్పుడు ఇరవై ఐదుగురినైన దాన్ని, నీళ్ళడిగితే ఒక్కదాన్నెట్టా అయ్యాను?"

రాజు ముఖం ఎర్రబడింది. "తక్కినవాళ్ళు ఏరీ?"

"పొద్దున్నే కోసెడు దూరం నీళ్ళకు పోయారు దొరా. మంత్రిగారు పిలిచేదీ పొద్దున్నే. దాహం లేనోళ్ళే కదా రాగలిగేది!"

మెట్టపల్లెలో బావి తవ్వమన్నాడు రాజు. తవ్వకం మంత్రినే మొదలుపెట్టమన్నాడు. నాలుగు గడ్డపార పోట్లకే విరూపయ్య కూలబడ్డాడు.

"లే అయ్యా," అంది గట్టు మీద కూర్చున్న గోనమ్మ. "ఒక్క మనిషి పని కూడా ఇంకా కాలేదు."